రైఫిల్డ్ స్లగ్ రైఫిల్డ్ బ్యారెల్‌కి కాదు

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లా. నాలుగేళ్ళుగా ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటున్నాం. నేను హెచ్-1బి మీద ఉన్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన ప్రతి ఏడూ జింకల వేటకి వెళ్తాడు. ఈసారి థాంక్స్‌గివింగ్ తరవాత వచ్చే గన్ సీజన్‌కి నన్నూ రమ్మన్నాడు. తన పాత రెమింగ్టన్ 870, పన్నెండు గేజ్ షాట్‌గన్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత), వాడుకోమన్నాడు. తూటాలు మాత్రం నన్నే తెచ్చుకోమన్నాడు. షాపుకి వెళ్తే గోడ నిండా స్లగ్గులే (చిన్న రవ్వలకి బదులు ఒకే పెద్ద గుండు ఉండే తూటాలు)! రైఫిల్డ్ అని ఒకటి, సేబో అని ఒకటి, 2¾ అంగుళాలు, 3 అంగుళాలు, మాగ్నమ్, లో రికాయిల్... ఏదీ తేల్చుకోలేక రైఫిల్డ్ ఒక పెట్టె, సేబో ఒక పెట్టె పట్టుకొచ్చాను. తుపాకీ మీద స్కోప్ లేదు, గొట్టం చివర చిన్న పూస ఒక్కటే ఉంది. లైసెన్స్ వచ్చే వారం తీసుకుంటాను. మా తాతగారి దగ్గర డబుల్ బ్యారెల్ ఉండేది, ఆయన ఎల్.జి. తూటాలు వాడేవారట. ఇక్కడ అవి పనికిరావా? ఇంతకీ ఏ స్లగ్ మంచిది? ఒక్క పేరు చెప్పండి చాలు, టెన్షన్ పోతుంది.
(పేరు వేయవద్దన్న పాఠకుడు)

జవాబు: స్లగ్గుల సంగతి కాసేపు ఆపుదాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది "లైసెన్స్ వచ్చే వారం తీసుకుంటాను" అన్న మాట.

మీరు హెచ్-1బి మీద ఉన్నారు. నాన్-ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. తుపాకీయే కాదు, తూటా కూడా ఉండకూడదు. ఈ నిబంధనకి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్ళకి అక్కరకొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది జేబులో ఉంటే మీరు నిశ్చింతగా వేటకి వెళ్ళొచ్చు. లేదంటే, అలమరలో పెట్టిన ఆ రెండు పెట్టెలే మీ మెడకి చుట్టుకుంటాయి. షాపులో ఎవరూ అడగలేదే అంటారేమో. తూటాలు అమ్మేటప్పుడు వీసా సంగతి చాలాచోట్ల అడగరు. వాళ్ళు అడగనంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. సాయంత్రమే ఆ పెట్టెలు పెద్దాయన ఇంట్లో పెట్టేసి రండి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి, లైసెన్స్ చేతికి వచ్చాకే తుపాకీ ముట్టుకోండి. రేంజిలో (కాల్పులు సాధన చేసే చోట) ఒక్క రౌండు కాల్చి చూద్దామన్నా అప్పుడే. మీ ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఒక మెయిల్ కూడా పడేయండి. ఆయనకి ఇది పది నిమిషాల పని, మీకు మాత్రం గ్రీన్‌కార్డు దాకా వెంటాడే విషయం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ బాధ లేదు. స్టూడెంట్ వీసా మీద ఉండి, వారాంతంలో స్నేహితులతో రేంజికి వెళ్ళి ఫొటోలు పెట్టే పిల్లలు కూడా ఈ పేరా ఇంకోసారి చదువుకోవాలి.

ఇక స్లగ్గులు.

ఒక్క పేరు చెప్పమన్నారు, చెప్పలేను. స్లగ్‌ని మీరూ నేనూ ఎంచుకోం, మీ బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, ఎంచుకుంటుంది. ముందు ఆ బ్యారెల్ ఏ రకమో తెలియాలి. లైసెన్స్ వచ్చాక, పెద్దాయన పక్కన ఉండగా చూడండి. లోపల తూటా లేదని ఛాంబర్లోనూ (పేలే తూటా కూర్చునే చోటు) మ్యాగజైన్ గొట్టంలోనూ (మిగతా తూటాలు ఉండే చోటు) వేలు పెట్టి మరీ నిర్ధారించుకోండి. 870కి ముందున్న క్యాప్ మర విప్పితే బ్యారెల్ చేతికొస్తుంది. దాన్ని వెలుతురుకి ఎత్తి, దూరదర్శినిలో చూసినట్టు ఒక చివరనుంచి చూడండి. లోపల గోడ అద్దంలా నున్నగా ఉంటే స్మూత్‌బోర్. మెలి తిరిగిన గాడులు కనిపిస్తే రైఫిల్డ్ బ్యారెల్. మీదాని మీద పూస ఒక్కటే ఉందన్నారు కాబట్టి తొంభై పాళ్ళు స్మూత్‌బోర్ అయివుంటుంది. ఎందుకంటే రైఫిల్డ్ బ్యారెల్ కొనేవాళ్ళు దాదాపు అందరూ దాని మీద స్కోప్‌గానీ, రైఫిల్ సైట్లుగానీ ఉండేలా చూసుకుంటారు. అయినా చూడకుండా నమ్మకండి.

ఇప్పుడు అసలు తిరకాసు. పెట్టె మీద "రైఫిల్డ్ స్లగ్" అని ఉంటే అది రైఫిల్డ్ బ్యారెల్ కోసమని ఎవరైనా అనుకుంటారు. సరిగ్గా ఉల్టా. రైఫిల్డ్ స్లగ్ స్మూత్‌బోర్ కోసం పుట్టింది. గాడులు స్లగ్ ఒంటి మీదే ఉంటాయి, అందుకని ఆ పేరు. సేబో రకం రైఫిల్డ్ బ్యారెల్ కోసం. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరోగానీ, ప్రతి నవంబరులో అతన్ని తిట్టుకునే కొత్త వేటగాళ్ళు బోలెడుమంది. అందులో నేనూ ఒకణ్ణి.

మొదటి ఏడాది నా చేతిలోనూ స్మూత్‌బోర్ తుపాకీయే. షాపులో కౌంటరు వెనకాల ఉన్న కుర్రాణ్ణి "ఉన్నవాటిలో మంచిది ఇవ్వు" అన్నాను. ఖరీదైనదే మంచిదని అతను సేబో పెట్టె ఇచ్చాడు. నేనూ అదే నమ్మాను. రేంజిలో 50 గజాల దూరాన కాగితం పెట్టి ఐదు రౌండ్లు కాల్చాను. రెండు కాగితానికే తగల్లేదు. తగిలిన మూడింటిలో ఒక కన్నం గుండ్రంగా లేదు, తాళంచెవి దూరే కన్నంలా పొడుగ్గా ఉంది. స్లగ్ అడ్డంగా దొర్లుకుంటూ వెళ్ళి తగిలిందన్నమాట. పక్క బెంచీ ముసలాయన నా పెట్టె చూశాడు, నా బ్యారెల్ చూశాడు, తన సంచిలోంచి మూడు మామూలు స్లగ్గులు తీసి ఇచ్చాడు. మూడూ అరచేతి వెడల్పులో పడ్డాయి. అవి నా ఖరీదైన పెట్టెలో సగం ధర కూడా ఉండవు.

ఎందుకలా జరిగిందో తెలిస్తే ఇంక ఈ పొరపాటు చెయ్యరు. సేబో అంటే ప్లాస్టిక్ చొక్కా. పన్నెండు గేజ్ గొట్టం లోపలి వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు, మన పాత స్టీలు పావలా బిళ్ళంత. సేబో తూటాలో అసలు బుల్లెట్ అంతకన్నా సన్నగా ఉంటుంది, చుట్టూ ప్లాస్టిక్ చొక్కా తొడుగుతారు. బ్యారెల్ గాడులు ఆ చొక్కాని పట్టి బొంగరంలా తిప్పుతాయి. బయటికి రాగానే చొక్కా ఊడిపోతుంది, బుల్లెట్ తిరుగుతూ నిలకడగా సాగిపోతుంది. నున్నటి బ్యారెల్లో ఆ తిప్పుడు లేదు. తిప్పని బొంగరం ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

రైఫిల్డ్ స్లగ్ పద్ధతి వేరు. దాన్ని ఫోస్టర్ స్లగ్ అంటారు. 1931లో కార్ల్ ఫోస్టర్ అనే ఆయన తయారుచేశాడు. అది మహా మాంద్యం కాలం. వేటకి విడిగా రైఫిల్ కొనే స్తోమత లేని ఇళ్ళలో కూడా పక్షులకి వాడే షాట్‌గన్ ఒకటి ఉండేది. దానితోనే జింకని కొట్టగలగాలన్నది ఆయన ఆలోచన. స్లగ్ తల బరువుగా, వెనక భాగం టోపీలా బోలుగా ఉంటుంది. షటిల్‌కాక్ చూడండి, ఎలా విసిరినా బరువైన బొడిపె ముందుకే తిరుగుతుంది. ఇదీ అంతే. తిరగక్కర్లేదు, తల బరువే దారి చూపిస్తుంది. మరి ఒంటి మీద ఆ గాడులెందుకు? స్లగ్‌ని తిప్పడానికని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి తిప్పేది ఏమీ లేదు. గొట్టం చివర చోక్ (గొట్టాన్ని కాస్త ఇరుకు చేసే భాగం) దగ్గర ఇరుకైనప్పుడు సీసం నలిగి సర్దుకోవడానికి ఆ గాడులు చోటిస్తాయి.

చోక్ మాట వచ్చింది కాబట్టి అదీ చూడండి. 870 బ్యారెల్ చివర మరతో బిగించే చోక్ ట్యూబ్ ఉండొచ్చు. దాని మీద ఇంప్రూవ్డ్ సిలిండర్ అనో, సిలిండర్ అనో ఉంటే స్లగ్గులకి అదే సరైనది. ఫుల్ అని ఉంటే మార్చండి. ఫుల్ చోక్ టర్కీ కోళ్ళ కోసం రవ్వల్ని దగ్గరికి నొక్కే సాధనం, దానిలోంచి తులాల కొద్దీ సీసం ముద్దని తోయడం తుపాకీకి మంచిది కాదు, గురికీ మంచిది కాదు.

ఫోస్టర్ కన్నా పాతది బ్రెనెకీ స్లగ్. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెనెకీ 1898లో చేశాడు. ఇది బోలుగా ఉండదు, గట్టి సీసం ముద్దకి వెనక వ్యాడ్ అనే తేలికపాటి అడ్డుబిళ్ళ బిగించి ఉంటుంది. ఆ వ్యాడ్ తోకలా పనిచేస్తుంది, స్లగ్‌తోపాటే వెళ్తుంది. ఫోస్టర్ మెత్తటి సీసం, తగిలితే వెడల్పవుతుంది. బ్రెనెకీ అంతగా వెడల్పవకుండా లోతుకి దూసుకుపోతుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల దానికి గిరాకీ. మీరు కొట్టబోయే తెల్లతోక జింకకి రెండూ సరిపోతాయి. పావలా కాసంత, దాదాపు రెండున్నర తులాల సీసం సరైన చోట తగిలితే చాలు. ఏది ఎక్కువ వెడల్పవుతుందన్న చర్చ చలిమంట దగ్గర కాలక్షేపానికి బాగుంటుంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మీ బ్యారెల్ స్మూత్‌బోర్ అని తేలితే 2¾ అంగుళాల పొడవు తూటాలో ఒక ఔన్సు స్లగ్ ఉండే ఫోస్టర్ రకాలు రెండు, మూడు కంపెనీలవి ఒక్కో పెట్టె కొనండి. వించెస్టర్ సూపర్-ఎక్స్, రెమింగ్టన్ స్లగ్గర్, ఫెడరల్ ట్రూబాల్ అన్నిచోట్లా దొరుకుతాయి. ఇష్టమైతే బ్రెనెకీ ఒకటి. పెట్టెకి ఐదు ఉంటాయి. కొలంబస్‌కి ఉత్తరాన డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియాలో రాష్ట్రం నడిపే రేంజి ఉంది. బెంచీ మీద ఇసుక సంచిమీద తుపాకీ ఆనించి, 50 గజాల దగ్గర ఒక్కో రకం మూడేసి చొప్పున కాల్చండి. మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. ఒకే తుపాకీ, ఒకే మనిషి, మూడు పెట్టెలు. ఒకటి పళ్ళెమంత వెడల్పులో చెదురుతుంది, ఇంకొకటి టీ సాసరంత చోటులో పడుతుంది. ఎందుకలా అంటే ఒక్కో గొట్టం ఒక్కో స్లగ్‌ని మెచ్చుతుంది, అంతే. మా తమ్ముడి తుపాకీకి నచ్చింది నా తుపాకీకి నచ్చదు, రెండూ ఒకే మోడల్ అయినా. మీ కాగితం మీద ఏది దగ్గరగా పడిందో అదే మీకు మంచి స్లగ్. అదే రకం ఇంకో రెండు పెట్టెలు కొని సీజన్‌కి దాచిపెట్టండి. దాచడమంటే మళ్ళీ లైసెన్స్ ఉన్నాకే అని గుర్తుంది కదా.

3 అంగుళాల మాగ్నమ్ జోలికి పోకండి. మీ బ్యారెల్ మీద "2¾ అండ్ 3 ఇంచ్" అని చెక్కి ఉంటే అది పడుతుంది, ప్రమాదం లేదు. 2¾ అని మాత్రమే ఉంటే 3 అంగుళాలది పెట్టనే కూడదు. పడుతుంది కదా అని పెట్టినా లాభం తక్కువ. 2¾ ఫోస్టరే సెకనుకి 1600 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, భుజాన్ని బాగానే తన్నుతుంది. మాగ్నమ్ ఇంకా తన్నుతుంది. రెండు తన్నులు తిన్నాక మూడోసారి మనకి తెలియకుండానే కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగుతాం. జింకలు తప్పిపోయేది ఎక్కువగా అక్కడే. మీరు మొదటిసారి కాలుస్తున్నారు కనక లో రికాయిల్ (భుజాన్ని తక్కువ తన్నే రకం) పెట్టె ఒకటి కూడా ప్రయత్నించండి. వేగం 1200, 1300 అడుగులకి తగ్గుతుంది, బరువు మాత్రం అదే ఔన్సు. 50 గజాలలోపు జింకకి అది ఏమాత్రం తక్కువ కాదు. షాపులో అది అడిగితే చులకనగా చూస్తారేమోనని మనవాళ్ళు మొహమాటపడతారు. తన్నులు తినేది మీ భుజమే కదా.

ఇక దూరం. పూస ఒక్కదానితో గురి పెట్టేటప్పుడు మీ హద్దు 50 గజాలు అనుకోండి. చేయి బాగా తిరిగినవాళ్ళు 75 దాకా వెళ్తారు. పూసతో ఒక చిక్కుంది. చెంప తుపాకీ కట్టెకి (భుజానికి ఆనించే వెనక భాగం) ఆనకుండా తల కాస్త ఎత్తారా, స్లగ్ పైనుంచి పోతుంది. జింక కనిపించగానే బాగా చూద్దామని తల ఎత్తడం కొత్తవాళ్ళందరూ చేసే పని. ఇంకొకటి, 50 గజాలకి సరిగ్గా పడేలా చూసుకున్న ఫోస్టర్ స్లగ్ 100 గజాల దగ్గర సుమారు 5, 6 అంగుళాలు కిందికి జారుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం 8 అంగుళాల వెడల్పు. లెక్క మీరే వేసుకోండి. గాయపడిన జింకని చీకటి పడేదాకా పొదల్లో వెతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకు తెలియకుండా ఉంటేనే మంచిది. రేంజిలో తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు పెట్టుకుని, ఐదుకి ఐదూ అందులో పడే దూరం ఎంతో చూసుకోండి. అది 40 గజాలైతే మీ హద్దు 40 గజాలే. ఒహాయో అడవి అంచుల్లో, మొక్కజొన్న కోసేసిన చేల పక్కన, ఆ దూరంలోకి జింకలు వస్తాయి. కదలకుండా కూర్చోవడం రావాలి, అంతే. డిసెంబరు చలిలో అది స్లగ్ ఎంచుకోవడం కంటే కష్టం.

ఎల్.జి. సంగతి. మీ తాతగారి తూటాలో పెద్ద రవ్వలు కొన్ని కలిసి ఉండేవి, ఇక్కడివాళ్ళు బక్‌షాట్ అంటారు. ఒహాయోలో జింకకి అది నిషిద్ధం, ఒక గొట్టంలో ఒకే గుండు లేదా ఒకే స్లగ్ ఉండాలి. తుపాకీలో మొత్తం మీద మూడు తూటాలకి మించి ఉండకూడదు కాబట్టి మ్యాగజైన్లో ప్లగ్ (ఎక్కువ తూటాలు పట్టకుండా పెట్టే అడ్డు) ఉందో లేదో పెద్దాయన్ని అడగండి. న్యూజెర్సీ లాంటి చోట్ల బక్‌షాట్ ఒప్పుకుంటారు, రాష్ట్రానికో రూలు. అందుకే న్యూజెర్సీ బావమరిది చెప్పింది విని ఒహాయోలో వేటకి దిగకండి. అన్నట్టు, ఒహాయోలో 2014 నుంచి కొన్ని రకాల స్ట్రెయిట్-వాల్ (పైన సన్నబడకుండా తిన్నగా ఉండే తొడుగు) తూటాల రైఫిళ్ళనీ ఒప్పుకుంటున్నారు. పెద్దాయన వచ్చే ఏడు "స్లగ్గులెందుకు, ఇది కొను" అంటే ఆశ్చర్యపోకండి. ఈ ఏటికి ఉన్నదానితో కానివ్వండి.

ఆయన ఇంట్లో మనవల 20 గేజ్ తుపాకీ కూడా ఉంటే ఒక జాగ్రత్త. గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకీలో పడితే లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. తూటా పేలలేదని వెనకాల 12 గేజ్ పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది, చేతులు పోతాయి. అందుకే 20 గేజ్ తూటాలకి పసుపు రంగు వేస్తారు. పసుపుది కనిపిస్తే మీ జేబులోకి రానివ్వకండి.

చివరగా, ఇది స్లగ్గుల ప్రశ్న కాదుగానీ రాయకుండా ఉండలేను. వేటకి తీసుకెళ్ళిన సంచిని సంక్రాంతికి ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున ఎక్కడో ఒక తూటా మిగిలిపోయి హైదరాబాదు ఎయిర్‌పోర్టు స్కానర్లో కనిపించిందా, 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మర్చిపోయానంటే అక్కడికక్కడ వదిలిపెట్టరు, సెలవంతా పోలీసు స్టేషనుకీ లాయరు దగ్గరికీ తిరగడంతో సరిపోతుంది. కాల్చేసిన ఖాళీ తొడుగు మా బాబుకి చూపిద్దామని దాచుకునేవాళ్ళూ ఉన్నారు, అదీ వద్దు. తాతగారి కథలు విన్నాక ఊళ్ళో కూడా ఓ ప్రయత్నం చేద్దామని సరదా పుడుతుందేమో, అక్కడ జింకని కొట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. ఒహాయోలో పర్మిట్ ఇచ్చి మరీ కొట్టమంటారు, అక్కడ జైల్లో పెడతారు. రెండు చోట్లా ఎవరి లెక్క వాళ్ళది.

మీరు కొన్న సేబో పెట్టె మాటకి వస్తే, తూటాలు చాలా షాపులు వాపసు తీసుకోవు. పెద్దాయన దగ్గర రైఫిల్డ్ బ్యారెల్ ఇంకోటి ఉందేమో అడగండి. 870కి బ్యారెల్ మార్చడం అయిదు నిమిషాల పని, పాత వేటగాళ్ళు రెండోది అటకమీద పెట్టి మర్చిపోతుంటారు. ఉంటే మీ సేబోలకి దారి దొరికినట్టే, హద్దూ 100 గజాలు దాటుతుంది, నేను పైన రాసినదాంట్లో సగం తిరగరాయాలి. అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి.